పౌలు బల్ల మీద నాన్న అకార్డియన్

ఎమ్మిగనూరు,
శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు ఈరేష్‌ను అక్క దీవించి రాయునది. ఉరుకుంద ఈరన్న స్వామి చల్లగా చూడబట్టి ఇంట్లో అందరం బాగున్నాము. మగ్గమూ ఆడుతోంది, నా మోకాలూ ఆడుతోంది. సోలాపూరులో నువ్వు, వసంత, పాప దీప క్షేమమని తలుస్తాను.

వాద్యాలు బాగుచేసే ఆదోని పౌలు పెట్టె తిరిగి ఇచ్చాడా అని అడిగావు. ఇంకా ఇవ్వలేదు. దీప నేర్చుకుంటుంది, నాన్న అకార్డియన్ బాగు చేయించమని నువ్వంటే శ్రావణంలో బస్సెక్కి తీసుకుపోయాను కదా. పది రోజులన్నవాడు నలభై రోజులు తిప్పాడు. నాకు మొదటి రోజే నమ్మకం కుదరలేదు. పెట్టె అడుగున గోటితో గుర్తు గీసి మరీ ఇచ్చాను. మూడోసారి వెళ్తే బల్ల మీద రెండు అకార్డియన్లు విప్పి ఉన్నాయి. గాలికి పలికే సన్నని ఉక్కు రేకులు ఉంటాయే, వాటిని ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెడుతున్నాడు. నన్ను చూసి గుడ్డ కప్పాడు. గుర్తు చెరగలేదు. కానీ లోపలివి మారిస్తే పైన గుర్తేం చేస్తుంది? నాన్నది ఇటలీ సరుకాయె.

అదే నీకు రాశాను, భజనలో రేణుకకూ చెప్పాను. వారం తిరక్కముందే భజన వాళ్లు పౌలుకు బాగుకిచ్చిన తమ హార్మోనియం వెనక్కి తెచ్చుకున్నారు. నువ్వేమో దసరాకు ఇద్దరు మనుషులతో వచ్చి అంగట్లోనే నిలదీస్తానని రాశావు. భయమేసి నిన్న నేనే వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మా పెట్టె విప్పి సూపించప్పా," అన్నాను.

"హార్మోనియం తీస్కపోయినారు. ఇది గూడా తీస్కపోతావేమో అనుకుంటి," అని నవ్వాడు. కీబోర్డులు రాకముందు ఆదోని పెళ్లిళ్లలో నాన్న అకార్డియన్ లేనిదే సినిమా పాట లేదు. అయినా భజనలో పెద్దలు దాన్ని చర్చి వాద్యమని రానివ్వలేదు. ఆ మాటే అంటే పౌలు, "రెండూ ఓడెక్కి వచ్చిన అక్కాచెల్లెండ్లేనమ్మా. హార్మోనియం సాప మీద కూసునింది, మీ ఇంటి కోడలైపాయ. ఇది మెడకెక్కింది, పెండ్లిండ్లకే పాయ," అన్నాడు.

తర్వాత గుడ్డ తీశాడు. ఇది నీకు ఫోనులో చెప్పలేకపోయాను తమ్ముడూ. రేకుల మధ్య ఎర్రగా గడ్డకట్టి ఉంది. అది ఉరుకుంద కుంకుమ. నాన్న పోయిన ఈ తొమ్మిదేళ్లూ ఆయుధ పూజకు పసుపు నీళ్లు చిలకరించి, పిడికెడు కుంకుమ చల్లింది నేనే. ఆయన ఉన్నప్పుడు "పువ్వొకటి పెట్టు, సాలు" అనేవాడు. నాన్నకు భక్తి తక్కువ అనుకునేదాన్ని. పెట్టె మూగబోయిందని నువ్వన్నప్పుడు ఎలుకల మీదికి తోశాను.

"నీ భక్తి ఎక్కువైందమ్మా, పెట్టెకు ఊపిరాడలా," అన్నాడు పౌలు. రెండో అకార్డియన్ ఆయనదే. మనదాంట్లో తుప్పు పట్టిన ఏడు రేకులకు బదులు తన రేకులు తీసి వేస్తున్నాడు.

"మరి ఆ పొద్దు గుడ్డెందుకు కప్పితివి?"

"నాకు వాయించను నేర్పినోని కూతురికి ఈ మాట యా నోటితో సెప్పేది?"

లేచి వస్తుంటే కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. గీకి తీసిన కుంకుమ. "దేవునిది. ఊడ్చి పారేయల్యాక పెట్టినా," అన్నాడు.

రేపు భజన మొదలుకాకముందే అందరి ముందూ నా తప్పు చెప్పి, హార్మోనియం నేనే మోసుకుపోయి ఆయనకిస్తాను. నువ్వు దసరాకు రా, ఆ ఇద్దరితో కాదు, దీపతో. ఈసారి పెట్టె మీద పువ్వొక్కటే పెడతాను. పొట్లంలోంచి చిటికెడు ఈ ఉత్తరంలో పెట్టాను. పౌలుకు ఫోను చేసి మాట్లాడాక నొసట పెట్టుకో.

ఇట్లు,
నిన్ను నమ్మించి తప్పు చేసిన అక్క,
గిరిజమ్మ