నేను సరిచేసిన కాగితపు చాపలు

హిందూపురం,
ఆదివారం.

పూజ్యులైన అన్నగారి పాదాలకు చెల్లెలు రత్నమ్మ నమస్కరించి రాసుకుంటున్న సంగతులు.

నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. ధర్మవరంలో మీరు, వదినగారు, పిల్లలు అందరూ కుశలమని నమ్ముతున్నాను. వదినగారి మోకాళ్ల నొప్పి తగ్గినదీ లేనిదీ తెలియజేయండి. మీ కళ్లమంటకు ఎవరికైనా చూపించారా? దీపం వెలుతురులో జరీ పని పెట్టుకోవద్దని నేను చెబితే మీరు వినరు. అయినా చెబుతున్నాను.

ఇక్కడ గాలి చల్లన. మన ఊరి ఎండకు అలవాటుపడిన ఒంటికి పొద్దున పూట శాలువ కావలసి వస్తున్నది. సంగటి, ఊరిబిండి దొరుకుతాయి కనుక భోజనానికి లోటు లేదు. నేనుండే వీధిలో మగ్గాలు లేవు. ఇన్నేళ్లు మగ్గం చప్పుడుకు నిద్రలేచినదాన్ని, ఇక్కడ ఆ చప్పుడు లేనందుకే మెలకువ వస్తున్నది. అంతకు మించి నాకు ఏ ఇబ్బందీ లేదు.

రాత్రిబడిలో చదివి ఎనిమిదో తరగతి పరీక్ష ప్యాసయిననాడు "ముసిలిదయినంక పలక పట్టిండాది" అని నవ్విన మన వీధివాళ్లు నా గురించి అడుగుతున్నారా? అడిగితే, రత్నమ్మ బాలవాడి టీచరుగా మర్యాదగా బతుకుతున్నదని చెప్పండి. ఈ ఉత్తరంలో తక్కినది మాత్రం వారికి చదివి వినిపించవద్దు. మీరు చదివి మడిచి పెట్టండి.

అన్నగారూ, నా ఉద్యోగం పోయేట్టున్నది. అంతకన్నా పెద్ద సంగతి, నా దగ్గరికి వచ్చే పసిపిల్లల చేతులు ఆగిపోయాయి. అది నా వల్లనే జరిగింది. ఎట్లా జరిగిందో వివరంగా రాస్తాను.

బాలవాడికి వచ్చేది ఇంకా బడి ఈడు రాని పిల్లలు. వారికి అక్షరాలు నేర్పడం మా పని కాదు. పాటలు, ఆటలు, చేతిపనులు నేర్పాలి. పెనుకొండలో ఇచ్చిన శిక్షణలో మాకు చెప్పినది అదే. పంచాయతీ సమితివారు ఇచ్చిన పెట్టెలోని రంగు కడ్డీలు తొందరగానే అరిగిపోయాయి. తరువాత నేనే సమకూర్చుకున్నాను. పసుపు, పసుపులో సున్నం కలిపితే ఎరుపు, నీలిమందు, బొగ్గుపొడి, ఇటుకపొడి, వీటికి తుమ్మబంక. ఈతపుల్ల కొస నలగ్గొడితే కుంచె. బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు అచ్చు పడుతుంది. చెరువు మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, తడిబట్ట కప్పి ఉంచుతాను. కాగితాల కోసం బెల్లం మండీకి వెళ్లి పాత కాగితాలు అడిగితే అక్కడి గుమాస్తా, "ఏమక్కా, పొట్లాలు కట్టే అంగడి పెడతాండావా? మాకు పోటీగా వస్తే దుడ్లు యాడ పుడతాయి?" అని నవ్వుతూనే ఒక మోపు ఇచ్చాడు. నేను ఎవరినీ చేయి చాచి అడిగేదాన్ని కానని మీకు తెలుసు. పిల్లల కోసం అడిగాను.

అన్నింటిలోకీ నాకు నచ్చినది కాగితపు చాప. ఒక కాగితాన్ని అంచులు వదిలి నిలువునా చీలికలు కోస్తే అది పడుగు. వేరే రంగు కాగితపు పట్టీలు ఒకటి పైన, ఒకటి కింద దూర్చుకుంటూ పోతే అది పేక. మన ఇంటి విద్య కదా అని సంతోషపడ్డాను. పిల్లలు కూడా ఇష్టంగా కూర్చున్నారు. కాని పసిచేతులు. ఒకచోట రెండు చీలికలు దాటిపోతాయి, ఒకచోట పట్టీ వంకర పోతుంది.

పిల్లలు వెళ్లిపోయిన తరువాత మొదటిరోజు ఒక చాప తీసి, తప్పిన పట్టీ ఒక్కటి సరిచేశాను. పోగు తప్పితే అమ్మ మన చేత నేసినదంతా ఎట్లా విప్పించేదో మీకు గుర్తుండే ఉంటుంది. తప్పును చూసి కూడా చేతులు ముడుచుకుని కూర్చోవడం మన ఇంట్లో ఎవరికీ రాదు. మరునాడు ఇంకొకటి విప్పి అల్లాను. ఆ తరువాత సాయంత్రాలు అదే పనయింది. ఆయా సంజీవమ్మ చీపురు పట్టుకుని నిలబడి, "ఏం టీచరమ్మా, పిలకాయలు ఇండ్లకు పోయినంక నువ్వు ఆడుకుంటాండావా?" అని ఎగతాళి చేసేది. నేను పట్టించుకోలేదు.

గోడ నిండా చాపలు అంటించాను. ఒక్కదానిలో ఒక్క తప్పు లేదు. పిల్లల తల్లులు చూసి, "ఇది మా బిడ్డ చేసిండాదా!" అని ఆశ్చర్యపోయారు. కాదని నేను చెప్పలేదు. మహిళామండలి వారు సంబరపడి ముఖ్యసేవికగారిని పిలిపించారు. ఈ ప్రాంతంలోని బాలవాడులన్నీ ఆమె పర్యవేక్షణలోనే నడుస్తాయి.

ఆమె గోడ వైపు చాలాసేపు చూశారు. "ఇవన్నీ ఎవరు చేశారమ్మా?" అని అడిగారు.

"పిల్లలే చేశారండీ" అన్నాను.

ముందు వరసలో ముంతాజ్ అనే పాప ఉంది. తండ్రి డబ్బాలకు, లాంతర్లకు మాట్లు వేస్తాడు. ముఖ్యసేవికగారు ఆ పాప ముందు కాగితం, పట్టీలు పెట్టి, "ఒకటి అల్లి చూపించమ్మా" అన్నారు. ముంతాజ్ చేతులు వెనక్కు పెట్టుకుంది. "ఏం, రాదా?" అని అడిగితే నా వైపు చూసి అన్న మాట అక్షరం తప్పకుండా రాస్తున్నాను:

"నేను చేస్తే టీచరమ్మ మళ్ల ఇప్పేస్తాది. నా కంటే టీచరమ్మే బాగ చేస్తాది."

పిల్లలకు తెలుసు అన్నగారూ. తాము వదిలిపోయిన చాప, మరునాడు గోడ మీద చూసే చాప ఒకటి కావని వారికి మొదటినుంచీ తెలుసు.

ముఖ్యసేవికగారు నన్ను అందరిముందూ ఒక్క మాట అనలేదు. బయటికి పిలిచి, "మీ చేతిపని చాలా బాగుంది. నేను చూడవచ్చింది అది కాదు. నెలాఖరుకు మళ్లీ వస్తాను. అప్పటికీ పిల్లలు ఇట్లాగే చేతులు కట్టుకుని కూర్చుంటే ఇక్కడికి వేరొకరిని పంపవలసి ఉంటుంది" అని చెప్పి వెళ్లిపోయారు. నా కంటే చిన్నది ఆమె. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ రోజు నుంచి నేను చేయని ప్రయత్నం లేదు. గోడమీది చాపలన్నీ తీసేశాను. కొత్త కాగితాలు పంచితే ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. మట్టి ఇస్తే ఉండ చేసి నా చేతికే ఇస్తారు. కుంచె రంగులో ముంచి, కాగితం మీద పెట్టే ముందు నా ముఖం చూస్తారు. నేను నవ్వినా పెట్టరు. తప్పులు చేసినా ఫరవాలేదని చూపించడానికి నేనే ఒక చాప తప్పుగా అల్లాలని కూర్చున్నాను. నా చేతులు ఒప్పుకోలేదు. కావాలని తప్పిన పట్టీలు కూడా సరిసమానమైన ఎడంలో పడి, చివరికి బుటాల్లాగా తేలాయి. "శానా బాగుండాది టీచరమ్మా, పూలచీర మాదిరి!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరూ వెళ్లిన తరువాత తలుపు వేసుకుని ఏడ్చాను. ఈ సంగతి వదినగారికి కూడా చెప్పాలో వద్దో మీరే ఆలోచించండి. ఆరోగ్యం మాత్రం బాగానే ఉంది. నా గురించి దిగులుపడవద్దు.

మొన్న శుక్రవారం సంజీవమ్మ రాలేదు. నీళ్లకు నేనే బిందె తీసుకుని వెళ్లాను. తిరిగివచ్చి గడప దగ్గర ఆగిపోయాను. లోపల సందడిగా ఉంది. ముంతాజ్ కాగితం ముందేసుకుని పట్టీలు దూరుస్తున్నది. పక్కనున్న పిల్లవాణ్ణి మోచేత్తో పొడిచి, "బిరీన చెయ్‌రా, టీచరమ్మ వచ్చేస్తాది" అంటున్నది. వాడు, "నాది వంకర పోతాండాది" అంటే, "పోనీలే, టీచరమ్మ లేదు గదా!" అన్నది. అందరూ నవ్వారు. నేను గడప దాటగానే కాగితాలన్నీ ఒళ్లలోకి వెళ్లిపోయాయి. చేతులు కట్టుకున్నారు.

బిందె దించడం కూడా మరిచిపోయి నిలబడిపోయాను. వారికి అన్నీ వచ్చు. నేను ఎదుట లేకపోతే చాలు.

మొన్నటినుంచీ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. బుధవారం నెలాఖరు, ముఖ్యసేవికగారు వస్తారు. ఆ రోజు కాగితాలు, రంగులు, మట్టి అన్నీ పిల్లల ముందు పెట్టి, నేను బిందె తీసుకుని బయటికి పోతాను. ఆమెను కిటికీ పక్కన నిలబడి చూడమని అడుగుతాను. పిల్లలు చేస్తారు, నాకు నమ్మకం ఉంది. వారికి చేతకాదని ఎవరూ అనలేరు. అయితే టీచరు బయట ఉంటేనే పిల్లల చేతులు ఆడుతున్నాయని ఆమె కూడా కళ్లారా చూస్తారు. అది చూసిన తరువాత నన్ను ఎందుకు ఉంచుతారు? ఇన్నేళ్ల చదువూ నన్ను ఆ గడప బయటికి తెచ్చి నిలబెట్టింది. ఇంకొక దారి తోచలేదు. ఉంటే వెంటనే రాయండి, అన్నగారూ. మీరు రాసేలోగా బుధవారం దాటిపోతుందని తెలిసి కూడా అడుగుతున్నాను.

రెండు మనవులు. ఇక్కడ కాగితం అయిపోవచ్చింది. మగ్గాల కింద ఊడ్చే తెగిన పట్టుపోగులు ఒక సంచిలో వేసి, రైలులో ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి. పిల్లలు బంకతో అంటించుకుంటారు. మీరు రంగుకు రంగు ఏరి ముడివేసి పంపుతారని నాకు తెలుసు. దయచేసి ఏరవద్దు. చిక్కు కూడా తీయవద్దు. నేనిక్కడ లేకపోయినా అవి పిల్లలకు పనికివస్తాయి.

రెండవది రాయడానికి కలం సాగడం లేదు. ఇంకొకరి ఇంట కూలికి పట్టునూలు కండెలు చుట్టనని నలుగురిలో చెప్పి వచ్చినదాన్ని. నా రాట్నం ఎవరికైనా ఇచ్చి ఉంటే తిరిగి అడగవద్దు. ఇవ్వకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఇవ్వకండి.

శుక్రవారం ముంతాజ్ ఒడిలోంచి జారిపడిన చాపను ఇంటికి తెచ్చి నేనుండే గది గోడకు అంటించాను. మూడో వరసలో రెండు చీలికలు ఒక్కసారిగా దాటిపోయాయి. ఉత్తరం మొదలుపెట్టినప్పటినుంచీ అది నా కళ్ల ఎదుటే ఉంది. ఇంతవరకు ముట్టుకోలేదు.

వదినగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. వీధిలో పెద్దలందరికీ రత్నమ్మ బాగున్నదని చెప్పండి. బుధవారం పొద్దున ఒక్కసారి నన్ను తలచుకుని, ఆ కాసేపూ వెనుదిరిగి లోపలికి రాకుండా నిలబడే ధైర్యం నాకు కలగాలని దీవించండి.

మీ దీవెన కోరుతూ,
మీ చెల్లెలు
రత్నమ్మ