మావయ్య బస్సుకు ఎంత మెరుపు?

జూన్ 3
ఇవాళ రంగు మీద క్లియర్ కోట్ వేశాను. గ్లాసీ. ఎయిర్‌బ్రష్‌తో పల్చగా మూడు పూతలు. జానెడు బొమ్మ బస్సు. మా మావయ్య ఇరవై ఆరేళ్లు నడిపిన బండికి నకలు. నా ముక్కు అందులో కనబడింది!

అసలు బండి షెడ్డులో పద్నాలుగేళ్లు పడుండి పోయిన నెల తుక్కుకు పోయింది. సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా మావయ్య జ్ఞాపకం. ఆయనకేమో నడిమి చూపు పోతోంది, పక్క చూపే మిగులుతోంది. నాలుగు నెలలకు మించి ఆ చూపు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టర్. ఆలోపు ఆయన చూసి ఇది నా బండే అనాలి. నాకు కావలసింది అంతే.

జూన్ 4
మావయ్య కోడిలా తల పక్కకు తిప్పి చాలాసేపు చూశారు. బాగుందమ్మా, కానీ నా బండి కాదు, పెళ్లికి ముస్తాబైనట్టుంది అన్నారు. మీరు తోలిన బండి ఏనాడు మెరిసింది గనక అని వంటింట్లోంచి అత్తయ్య అందుకుంది.

నిజమే కదా. నాకెందుకు తట్టలేదు?

జూన్ 7
మ్యాట్ కొట్టాను. మెరుపు మొత్తం చచ్చింది. ఇది షెడ్డులో పడేసిన బండి, నాది రోజూ జనం ఎక్కిన బండి అన్నారు మావయ్య. ఇల్లంతా థిన్నర్ కంపు, ఇక వదిలెయ్ అన్నాడు మా ఆయన.

వదలడం నాకు చేతనైతే కదా. జనం ఎక్కితే బండికి ఏమవుతుంది?

జూన్ 8, ఉదయం 9
ఆఫీసు లిఫ్ట్! తలుపు రంగంతా వెలిసిపోయింది. మీట చుట్టూ మాత్రం నున్నగా మెరుస్తోంది. చేతులు!

జూన్ 8, సాయంత్రం
మావయ్యను కూర్చోబెట్టి పోలీసులా ఆరా తీశాను. ఎవరి చెయ్యి ఎక్కడ పడేది? ఆయన హుషారు చూడాలి. తన మోచేయి రాసుకున్న కిటికీ అంచు. ఎక్కేవాళ్లు పట్టుకునే కమ్మీ. పోనియ్ అంటూ కండక్టర్ అరచేత్తో చరిచే రేకు.

అట్టముక్కకు చిల్లు పొడిచి, అందులోంచి ఆ చోట్ల మాత్రమే గ్లాసీ కొట్టాలి. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద ప్రయత్నించాను. పదకొండు చెంచాలు పాడు.

జూన్ 11
వచ్చేసింది! అద్దాలకు అంటించిన టేపులు పీకి, మావయ్య చేతిలో పెట్టాను. చూశారు, తడిమారు. కండక్టర్ చరిచే చోట వేలు ఆగింది. నవ్వారు. కానీ ఇంకొక్కటి తక్కువైంది అన్నారు.

ఎడమవైపు మూడో కిటికీ. దాని అద్దం అంత తేటగా ఉండకూడదట. రోజూ ఒకమ్మాయి అక్కడ తల ఆనించి నిద్రపోయేదట. తలనూనె మరక. రెండేళ్లపాటు క్లీనర్‌ని ఆ అద్దం తుడవనివ్వలేదట.

ఎవరా అమ్మాయి అని అడగబోయాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. అంటే అప్పుడే చూశారా నన్ను అంది. మీ అక్క పరిచయం చేసిన రోజే మొదటిసారి చూశానని చెప్పారు కదా అంది. మావయ్య చెవులదాకా ఎర్రబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

జూన్ 12
మూడో కిటికీ మీద గోరంత మ్యాట్. ఒక్క ఊదు. ఆరేదాకా మావయ్య పక్కనే కూర్చున్నారు. తల తిప్పి చూసి, ఇదే నా బండి అన్నారు.

జూన్ 15
అత్తయ్య నాలుగు రోజులుగా మావయ్యతో మాట్లాడటం లేదు. ముప్పై ఎనిమిదేళ్లు దాచారని కోపం. బండిని మాత్రం తన మంచం పక్కన పెట్టుకుంది. నన్ను అడగను కూడా లేదు.