మా అమ్మ కట్టిన బాణీ

ఆదివారం, విన్నిపెగ్, కెనడా

ఈ రోజు చర్చిలో మా క్వయర్ మాస్టర్ తన కొత్త గీతం పాడించారు. ఆస్ట్రియాలో పుట్టి, నలభై ఏళ్లుగా ఇక్కడి చర్చిలకు సంగీతం రాస్తున్న పెద్దాయన. బాణీ మాత్రం మా అమ్మది. తెనాలిలో స్త్రీల కూటం కోసం తనే కట్టింది.

చలికాలంలో ఒకరోజు కుర్చీలు సర్దుతూ నేను ఆ బాణీనే కూనిరాగం తీస్తుంటే ఆయన విని, ఎవరిదని అడిగారు. "అవర్ మదర్స్ సాంగ్" అన్నాను. "నా అమ్మ" అనడం మనకెప్పుడు అలవాటు గనక?

ఇవాళ్టి ప్రోగ్రామ్ షీట్‌లో ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంది. కింద చిన్నగా, "భారతీయ తల్లుల పాట ఆధారంగా. కట్టినవారెవరో తెలియదు" అని.

ఆరాధన అయ్యాక వెళ్లి, అది మా అమ్మ ఒక్కతే కట్టిందని ఇంగ్లీషులో విడమర్చి చెప్పాను. "పేరు లేకుండా ఇలాగే అందంగా ఉంది కదా" అని భుజం తట్టారు. సిగ్గులేకుండా థాంక్యూ చెప్పి వచ్చాను.

నేను పంపిన ఆరాధన వీడియో చూసి అమ్మ ఫోన్ చేసింది.

"అచ్చం నా పాటేనే! నా పేరు వేశారా?"

"వేశారమ్మా."

"ఇంటిపేరుతో సహానా?"

వినబడనట్టు ఫోన్ పెట్టేశాను.