ఓమా నేర్పిన ఇరవయ్యొకటి

జనవరి 10, శుక్రవారం. బుదైయా

ఈ రోజు ఓమాని ఓడించాను.

ఓమా అంటే మా సార్ వాళ్ళమ్మ. జర్మనీ చలి పడక ఇక్కడ గల్ఫ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చింది. పిల్లలు ఓమా అంటారు, జర్మన్‌లో నానమ్మ అని. నేనూ అదే. నా డ్యూటీ వంట, ఇల్లు. సాయంత్రం టీ అయ్యాక ఆవిడ చెవి మిషను సర్దుకుని, ఓ తోలు గ్లాసూ రెండు పాచికలూ తీసి నన్ను ఎదురుగా కూర్చోమంటుంది. మా ఇద్దరి ఇంగ్లీషూ ఒకటే రకం. అందుకే కుదిరింది.

ఆట పేరు మెక్స్‌షెన్. బుల్లి మాక్స్ అని అర్థమట. పాచికలు గ్లాసులో ఆడించి బల్ల మీద బోర్లించాలి. అంచు ఎత్తి మనం ఒక్కళ్ళమే చూసుకోవాలి. పెద్ద అంకె ముందు చదవాలి. మూడూ ఐదూ పడితే యాభైమూడు. జంటలు వాటికంటే ఎక్కువ. అన్నిటికీ పైన ఇరవయ్యొకటి, అదే మెక్స్‌షెన్. పడింది చెప్పొచ్చు, అబద్ధమూ చెప్పొచ్చు. కానీ ముందు చెప్పినవాళ్ళ కంటే పెద్దది చెప్పి తీరాలి. అవతలి మనిషి నమ్మితే గ్లాసు తీసుకుని ఆడాలి. నమ్మకపోతే ఎత్తి చూడాలి. అబద్ధమైతే చెప్పినవాళ్ళకి ఆటలో ఉన్న ప్రాణాల్లో ఒకటి పోతుంది, నిజమైతే ఎత్తినవాళ్ళకి.

మొహం కదలకుండా అబద్ధం చెప్పడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సత్యదుర్గ అని పేరు పెట్టినవాళ్ళకి ఆ సంగతి తెలీదు పాపం.

జనవరి 12, ఆదివారం

ఈ ఆట ఎప్పటిదని అడిగాను. ఎవరికీ సరిగ్గా తెలియదంది ఓమా. పాతకాలపు సముద్రపు దొంగలు ఆడేవారని కొందరు చెబుతారట, ఆవిడ నమ్మదు. తను మాత్రం బీరుకొట్లో వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని నేర్చుకుందట. కొన్నిచోట్ల దీన్నే మాయర్ అంటారట.

పాచికల పిచ్చి మటుకు చాలా పాతదేనంది. రెండువేల ఏళ్ళ కిందట ఓ రోమన్ రాశాడట. ఆ కాలపు జర్మనీ మగాళ్ళు అన్నీ పోగొట్టుకున్నాక ఆఖరి పందెంగా తమనే ఒడ్డేవాళ్ళట. ఓడితే కిక్కురుమనకుండా బానిసలుగా వెళ్ళిపోయేవాళ్ళు. దాన్ని మాట నిలబెట్టుకోవడం అనేవాళ్ళట.

మా పురాణంలో ఓ రాజు పెళ్ళాన్ని కూడా ఒడ్డాడు అన్నాను. ఓమా ఆ రాజు గురించి అడగలేదు. పెళ్ళాం ఏమందని అడిగింది. నిండు సభలో నిలదీసిందని చెప్పాను. బ్రావో అని బల్ల చరిచింది.

జనవరి 17, శుక్రవారం

జింజ్ వెళ్ళాను. సుబ్బాయమ్మ పిన్ని ఓ ఇంట్లో పనిచేస్తోంది అక్కడ. మావి పక్క పక్క ఊళ్ళు. ఈ దేశంలో దిగిన రోజున నాకు అన్నం పెట్టిన మనిషి.

రొట్టెలకని కోల్డ్ స్టోర్‌కి, అదే వీధి చివర కిరాణా కొట్టుకి, వస్తే అక్కడే మాట్లాడుకున్నాం. కూతురికి వచ్చే నెల తొలికాన్పు. పిన్ని కాంట్రాక్టు అయిపోయింది. అయినా మేడం పంపడం లేదు. ఇంకో మనిషి దొరికేదాకా ఉండాలంటోంది. పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో.

"నువ్వొచ్చి మాట్లాడమ్మాయ్. ఆవిడ ఎదురుగా నాకు నోరు పెగల్దే," అంది.

అదెంత పని అన్నాను.

జనవరి 18, శనివారం

ప్లాను తయారు. లేబర్ ఆఫీసులో కంప్లయింటు ఇచ్చేశామని మేడంకి చెబుతాను. ఇవ్వకుండానే. కళ్ళలోకి సూటిగా చూసి చెబితే హడలిపోతుంది.

ఓమాకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. గ్లాసు పక్కన పెట్టేసింది. ఆటలో పట్టుబడితే పోయేది నీ ప్రాణం, ఇక్కడ ఎవరిది అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. గిన్నెలు చప్పుడు చేస్తూ తోమాను.

జనవరి 19, ఆదివారం

ఆవిడ అన్నది నిజమే. పట్టుబడితే నేను బుదైయా వచ్చేస్తాను. పిన్ని ఆ ఇంట్లోనే పడుండాలి.

జనవరి 20, సోమవారం

సార్‌ని పర్మిషన్ అడిగాను. మేడం బయటికెళ్ళిన టైములో పిన్నిని టాక్సీ ఎక్కించి లేబర్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. పాస్‌పోర్టు దాచుకునే హక్కు ఎవరికీ లేదన్నాడు ఆఫీసరు. ముందు మర్యాదగా అడగండి, ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యండి అన్నాడు. పిన్ని సంతకం పెట్టింది. పెన్ను నేను లాక్కోవాల్సి వచ్చింది, అలా పట్టుకునే కూర్చుంది.

జనవరి 22, బుధవారం. సాయంత్రం 5

వింత ఏమిటంటే, నిజం చెబుతుంటే నా గొంతు వణికింది.

జింజ్‌లో ఆ ఇంటికే వెళ్ళి, కంప్లయింటు ఇచ్చాం మేడం, పాస్‌పోర్టు ఇచ్చేస్తే పిన్ని గొడవ లేకుండా వెళ్ళిపోతుంది అన్నాను. ఆవిడ నా వణుకు చూసి నవ్వింది. మీరంతా అబద్ధాలకోర్లు అంది. ఆఫీసరు నెంబరు ఇమ్మని తనే ఫోన్ కొట్టింది. పైగా స్పీకర్ పెట్టి.

ఆఫీసరు పిన్ని పేరు పూర్తిగా చదివాడు. పాస్‌పోర్టు ఈ రోజే ఇవ్వమన్నాడు. కాంట్రాక్టు అయిపోయింది కాబట్టి టికెట్టు కూడా మీదేనన్నాడు. ఖలాస్.

మెక్స్‌షెన్‌లో ఓ రూలుంది. అవతలివాళ్ళు ఇరవయ్యొకటి అన్నప్పుడు ఎత్తకుండా ఒప్పేసుకుంటే ఒక్క ప్రాణమే పోతుంది. ఎత్తి చూశాక నిజమైతే రెండు. ఆ రూలు నాకు అక్కడే, ఆ హాల్లోనే గుర్తొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను.

అప్పుడు మేడం గొంతు మార్చింది. రంజాన్ అయ్యేదాకా ఉండు, జీతం పెంచుతా అంది పిన్నితో. నేను జవాబు చెప్పబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేదండి. మా అమ్మాయి దగ్గిరికి ఎల్తానండి," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

జనవరి 26, ఆదివారం

పిన్ని ఫ్లైట్ ఎక్కింది. తను ఏడవలేదు. నేనే.

జనవరి 31, శుక్రవారం

ఓమా చేతిలో వరసగా ఓడాను. నా మొహం చదవడం వచ్చేసిందట ఆవిడకి. చూద్దాం.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆడపిల్ల. పిన్ని ఫోను దాని నోటి దగ్గర పెట్టింది, ఇల్లెగిరేలా ఏడుస్తోంది. నేను హాల్లోకి పరిగెత్తి ఓమా చెవి దగ్గర పెట్టాను.

ఓమా చెవి మిషను తీసి బల్ల మీద పెట్టేసింది. ఇప్పుడు సరిగ్గా వినిపిస్తోందంది.