గొంపేకి తెల్లచామంతులు

మత్సునే ఊరు
జనవరి 11

ఉత్తర తీర డ్రోన్ తనిఖీ కేంద్రం పెద్దలు కనమోరి గారికి,

తొగాషి కినుయె రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మంచు కిటికీల్లో సగం దాకా వచ్చింది. మీ సకతాలో సముద్రపు గాలికి అది నిలవదట కదా, అదృష్టవంతులు.

మా డ్రోన్‌ని ఏడాది తనిఖీకి మీ దగ్గరకు పంపి పది రోజులైంది. పదకొండు ఇళ్ళ వరికి మందు కొట్టేది అదొక్కటే, దాన్ని నడిపేది నేనొక్కదాన్నే. అరవై ఐదో ఏట లైసెన్సు తీసుకుంటే నవ్వినవాళ్ళంతా ఇప్పుడు నా వెనకాల నీళ్ళ డబ్బాలు మోస్తున్నారు. వెనకటికి గట్ల మీద పైపు లాక్కుంటూ రోజంతా నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళం. ఇప్పుడది లేచిందంటే పావుగంటలో మడంతా తడిసిపోతుంది. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నా, అది లేచిన ప్రతిసారీ నా నోరు తెరుచుకునే ఉంటుంది. ఈగలు దూరతాయి, మూసుకో వదినా, అంటాడు పక్కింటి సకిచి.

మీ మెకానిక్ ఐజావా ఫోన్ చేసి, పంపూ, మందు చిమ్మే నాలుగు నాజిళ్ళూ, రెండు రెక్కలూ మార్చానని చెప్పాడు. సంతోషం. ఒక్కటే కోరిక, తీసేసిన పాతవి నాకు పంపించండి. ఫిబ్రవరి ఎనిమిది లోపల అందాలి. ఇదివరకు మీ దగ్గరున్న పెద్దాయన అడక్కుండానే కాగితంలో చుట్టి పెట్టేవాడు.

ఇట్లు,
తొగాషి కినుయె

తా.క. అరిగిపోయిన పనిముట్లకు ఎనిమిదో తేదీన మా గుళ్ళో కర్మ చేస్తాం, అందుకే అడిగాను. ఆ పంపుకి మేం పెట్టుకున్న పేరు గొంపే. మా మేనమామ గొంపే గురక అచ్చం అలాగే ఉంటుంది. ఈ సంగతి ఆయన దాకా పోనివ్వకండి. తొంభై నాలుగేళ్ళొచ్చినా కోపం తగ్గలేదు.


సకతా
జనవరి 16

గౌరవనీయులైన తొగాషి కినుయె గారికి,

చలి ముదిరిన ఈ రోజుల్లో తమరు క్షేమమని తలుస్తాం. తమ ఉత్తరం అందింది. కార్యాలయ నియమం ప్రకారం దాన్ని సంతకం వరకు టైపు చేయించి దస్త్రంలో చేర్చాం.

తీసేసిన భాగాలను ముక్కలు చేసి పారవేయడం మా పద్ధతి. వాటిని వెనక్కి అడిగేవారికి సాధారణంగా ఒకటే కారణం ఉంటుంది: మార్చామన్నవి నిజంగా మార్చారా అన్న అనుమానం. ఐజావా మీద, పని నెమ్మదని, ఇప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది వస్తే అతన్ని మరమ్మతు బల్ల నుంచి తప్పించాల్సి ఉంటుంది. కనుక తమ కారణం స్పష్టంగా తెలపగలరు. అంతవరకు భాగాలను భద్రపరుస్తాం.

భవదీయుడు,
కనమోరి, సర్వీసు విభాగాధిపతి


మత్సునే
జనవరి 20

కనమోరి గారికి,

అయ్యో రామచిలకా, అనుమానమా! నా మాట వల్ల ఆ అబ్బాయి కూటికి ముప్పొస్తే నేనింక నిద్రపోగలనా? ఐజావా మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పెద్ద అక్షరాలతో రాసుకోండి.

నేనడిగింది మా గొంపే కోసం. గొంపే మొన్న ఆగస్టు తొమ్మిదిన పోయాడు. తొమ్మిదేళ్ళవాడు. ఒక్కరోజు జ్వరమని పడుకోలేదు. ఆ రోజు కూడా డ్రోన్‌తోనే ఉన్నాడు. సకిచి వాళ్ళ ఆఖరి మడి చివర ఒక్కసారి దగ్గి, అంతే, ఆగిపోయాడు. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగానే. ఎనిమిదో తేదీ ఉదయం పదింటికి గుళ్ళో కర్మ, పదకొండు ఇళ్ళవాళ్ళూ వస్తారు. మీ దగ్గరున్నవి లేకపోతే పూజారి దేనికని మంత్రం చదువుతాడు చెప్పండి!

ఇట్లు,
కినుయె

తా.క. పంపుకి నైవేద్యం ఏం పెట్టాలని సకిచి పెళ్ళాం అడిగింది. తొమ్మిదేళ్ళు పురుగుమందు మింగినవాడు, ఏదైనా తియ్యగా పెట్టమన్నాను. నాజిళ్ళను మాత్రం ఎప్పట్లాగే సోయా టోఫూ దిమ్మలో గుచ్చుతాం. బతికినన్నాళ్ళూ గట్టి పని చేసినవాళ్ళు, ఆఖరికైనా మెత్తగా పడుకోవాలి కదా.


సకతా
జనవరి 25

పూజ్యులైన తొగాషి కినుయె గారికి,

ఆనవాయితీ ప్రకారం ఈ ఉత్తరాన్ని ఋతువు ప్రస్తావనతో మొదలుపెట్టడానికి కలం రావడం లేదు.

తమ ఉత్తరాన్ని డైరెక్టరు గారు నిలబడి చదివారు. చదివి కూర్చోలేదు. ఇన్ని నెలలూ ఈ విషయం మాకు తెలియకపోవడం, పైగా తమ మీదే అనుమానం అంటగట్టడం, క్షమించరానివి. ఆ యంత్రానికి నిరుడు తనిఖీ సంతకం చేసింది కూడా ఐజావాయే కనుక అతనిపై తగిన చర్య తీసుకున్నాం. ఎనిమిదో తేదీన డైరెక్టరు గారూ నేనూ స్వయంగా వస్తాం. తమరు అడిగినవన్నీ తెల్లగుడ్డలో నా చేతుల మీదుగా తెస్తాను.

తల వంచి,
కనమోరి


మత్సునే
ఫిబ్రవరి 10

కనమోరి బాబుకి,

ఇంక "గారు" అనను, ఏమనుకోకు. మా గుళ్ళో అంతలా ఏడ్చినవాణ్ణి పరాయివాడనుకోలేను.

నాయనా, మా ఊరు ఇంకా తేరుకోలేదు! నడుం లోతు మంచులో, నల్ల సూట్లు వేసుకుని, చేతుల నిండా తెల్లచామంతులతో మీరిద్దరూ మెట్లెక్కి వస్తుంటే పూజారి గంట కొట్టడం మరిచిపోయాడు. డైరెక్టరు గారు నేల మీద మోకరిల్లి నుదురు ఆనించారు. అన్ని ఊళ్ళకు డ్రోన్లు చూసే పెద్దమనిషి ఒక్క పంపు కోసం! ఆకాశంలో ఎగిరేదాన్ని చూసి తొమ్మిదేళ్ళు నోరు తెరిచాను, ఆ రోజు మిమ్మల్ని చూసి తెరిచాను. నువ్వు తెల్లగుడ్డ విప్పావు, పూజారి "గొంపే, తొమ్మిదేళ్ళు, నాలుగు నాజిళ్ళకు ప్రాణం పోసిన పంపు" అని చదివాడు. "ఇదేనా? ఇదేనా గొంపే?" అని నువ్వు పెట్టిన కేకకి పైకప్పు మంచు జారిపడింది. ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టావు, ఆపితే కదా!

ఒక్క సంగతి మాత్రం అడగాలి. ఐజావా రాలేదేమని అడిగితే, పని నుంచి తప్పించి ఇంటికి పంపామని డైరెక్టరు గారు కారెక్కుతూ అన్నారు. "తగిన చర్య" అంటే సన్మానం అనుకున్నాను నేను! అతనికని ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు కూడా కట్టి ఉంచాను. ఏం తప్పు చేశాడని? అతను బల్ల దగ్గర కూర్చునేదాకా మా డ్రోన్ మీ దగ్గరే ఉంటుంది. జూలైలో తెగులొచ్చి పదకొండు ఇళ్ళ వరి పోయినా సరే, మళ్ళీ పైపులు లాగుతాం. ఈ మాట మీద పదకొండు ఇళ్ళవాళ్ళూ ముద్ర వేశారు.

ఇట్లు,
కినుయె

తా.క. మా మేనమామ వెనక వరసలో కూర్చున్నాడు. పూజారి నోట తన పేరు విని, "నాకు చెప్పకుండా నా కర్మ చేసేస్తున్నారా?" అని లేచాడు. మీ పూలన్నీ తనకే అనుకుని ఇంటికి పట్టుకుపోయాడు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.


సకతా
ఫిబ్రవరి 15

కినుయె అమ్మగారికి,

మంచు కరగడం మొదలైంది. నాకూ కొంచెం తేలిగ్గా ఉంది.

ఐజావా మొన్ననే బల్ల దగ్గరికి వచ్చేశాడు. నేనే వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో తల వంచాను. అప్పటికే రాజీనామా రాసి ఉంచుకున్నాడు. జరిగింది చెప్తే ముందు తెల్లమొహం వేశాడు, తర్వాత కింద కూర్చుని నవ్వాడు, తర్వాత ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాడు. వాళ్ళావిడ నాకు టీ మాత్రం ఇవ్వలేదు. అది న్యాయమే.

మీకు నిజం చెప్పాలి. మా ఆఫీసులో ఉత్తరాలను సంతకం దాకా టైపు చేసి, కింద ఉన్నది వదిలేస్తారు. పదకొండేళ్ళుగా నేనొక్క తా.క. కూడా చదవలేదు. గొంపే ఎవరో మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. అది నేను గుడి నుంచి వచ్చాక, దస్త్రంలోంచి అసలు కాగితం తీసి చదివాను. మేమిద్దరం ఆ మంచులో నడిచింది పంపు కోసం కాదమ్మా. మా యంత్రం కింద ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు పోయాడని అనుకున్నాం.

బయలుదేరే ముందు ఆ పంపుని గుడ్డలో చుట్టానే గానీ కన్నెత్తి చూడలేదు. గుళ్ళో, మీరు దాని మూత విప్పి నా చేతిలో పెట్టినప్పుడు చూశాను. మూడేళ్ళ పంపులు మా దగ్గరకు వస్తే లోపల మందు సున్నంలా గడ్డకట్టి ఉంటుంది. గొంపే గొంతులో చిన్న తెల్ల మరక కూడా లేదు. రోజూ పని అయ్యాక మూడుసార్లు మంచినీళ్ళు తిప్పేదాన్నని మీరు మామూలుగా అన్నారు. ఐజావా తన పుస్తకంలో ఈ యంత్రం గురించి ఒక్క వాక్యం రాశాడు: "దీన్ని చూడటానికే నెమ్మదిగా పని చేశాను." రెక్క అంచున గోరు పెట్టి వెతికితే తప్ప దొరకని సన్నటి చీలిక పట్టుకున్నదీ ఆ నెమ్మదే. ఫిర్యాదులు రెండూ కొట్టేశాం.

డ్రోన్‌ని మార్చిలో ఐజావా స్వయంగా తెస్తాడు. పెర్సిమన్లు దాచి ఉంచండి.

మీ కనమోరి

తా.క. (నా జీవితంలో ఇదే మొదటిది.) గుళ్ళో నేను ఏడ్చింది గొంపే కోసమని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారట. మొదట కాదు, ఏ పిల్లవాడూ పోలేదని తెలిసిన సంతోషంతో ఏడ్చాను. మూత విప్పి లోపల చూశాక ఏడ్చింది మాత్రం గొంపే కోసమే.