నలభై ఒక్క రాళ్ల సంగతి

తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు,
ఎర్రవాగుపల్లె కాపురస్తుడు, ఉప్పు, పొగాకు, చిల్లర సామాన్ల వర్తకుడు బాలస్వామి వ్రాసుకొను అర్జీ.
తేది: 14 మెహర్, 1349 ఫసలీ.

అయ్యా,

విషయం: మా ఊరి బక్కయ్య మెట్ట చెలకలో ఉన్న రాళ్లు ప్రార్థనా మందిరపు పునాది కాదని, నా భార్య సాలమ్మ సమాధి అని, వాటిని తీయించరాదని.

1. "ఇజాజత్ లేకుండా వేసిన పునాది రాళ్లను పదిహేను రోజులలో తొలగించవలెను" అని తమరి కచేరి హుకుం మా సంఘం పెద్ద జానయ్య పేరున వచ్చింది. ఊరికి వచ్చే కాగితాలన్నీ నా దుకాణంలోనే ఇస్తారు కాబట్టి ముందుగా చదివింది నేను. నేటికి తొమ్మిది రోజులైంది.

2. మేము క్రీస్తు మతస్థులం. ఆరేండ్ల కింద మూడిండ్లు. నర్సు దొరసాని ఏడాదికి రెండుమార్లు బండి మీద వచ్చి మందులిచ్చి, వాక్యం చెప్పి పోతుంది. మిగతా దినాలన్నీ సాలమ్మవే. మా ఇండ్లలో జొన్నలు ఇసుర్రాయిలో పోసే ముందు దేవుని పేర ఒక పిడికెడు తీసి కుండలో వేస్తారు. శనివారం సాలమ్మ గంప పట్టుకొని ఆ జొన్నలు జమచేసేది. పోయిన ప్రతి ఇంట్లో కూర్చునేది. పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగేది, ఒక పాట పాడేది. ఆమె కూర్చోవాలని మాతో సంబంధం లేని ఇండ్లవాళ్లు కూడా పిడికెడు తీసిపెట్టడం మొదలుపెట్టారు. అట్లా మూడిండ్లు నలభై ఒకటి అయినవి. సంఘం పెరిగిందని దొరసాని తన దేశానికి సంతోషంగా జాబు రాసుకుంది. ఎట్లా పెరిగిందో నేను దుకాణంలో కూర్చుండి చూశాను.

3. ప్రార్థన నా దుకాణం పందిరి కింద జరుగుతుంది. ఇరవై మంది పడతారు. మిగతావాళ్లు వానలో తడుస్తారు. బక్కయ్య తన చెలక ఇస్తే, మందిరానికి ఇజాజత్ కోరుతూ తీర్ మాసంలో దరఖాస్తు పెట్టుకున్నాము. దరఖాస్తు తీసుకున్న పట్వారి రఘుపతి గారు మంచిమాటగానే చెప్పారు: "ఆ జాగల బొందలు, సమాధులు గిట్ల ఉంటే ఇజాజత్ రాదు, జర చూసుకోండ్రి."

4. పోయిన నెల, షహ్రేవర్ మూడో తేదీన సాలమ్మ గత్తర రోగంతో చనిపోయింది. గత్తర తగిలిన ఇండ్లకు గంజి మోసింది, ఆమెకూ తగిలింది. ఆ రోజు నేను మక్తల్ సంతలో పొగాకు బేరం చేస్తున్నాను. పొగాకు బాగుంది, కొనలేదు. ఇది అర్జీకి అవసరం లేని మాట.

5. ఊరి శ్మశానానికి పోతే అక్కడివాళ్లు, "మీ దేవుడు వేరాయె, జాగ గూడ వేరే చూసుకోండ్రి" అన్నారు. మిషను వాళ్ల సమాధుల జాగా వాగు అవతల ఏడు కోసులు. వాగు నిండుగా పోతున్నది. కాబట్టి బక్కయ్య చెలకలోనే పెట్టాము. రాతినేల, రెండున్నర మూరలే దిగింది.

6. బొంద దగ్గరికి వచ్చేవాళ్లు ఇంటికొక రాయి తెచ్చి పెట్టడం మా వాడకం. నక్కలు తవ్వకుండా. మతంలో కలిసినా ఆ వాడకం పోలేదు. ఇంటికొకటి చొప్పున నలభై ఒక్క రాళ్లు వచ్చినవి. ఎవరూ చెప్పకుండానే చుట్టూ వరుసగా పెట్టారు. దూరం నుండి చూస్తే పునాది మాదిరిగానే ఉంటుంది. ఆ మాట ఒప్పుకుంటాను.

7. ఎనిమిదో రోజు పట్వారి గారు జాగా తనిఖీకి వచ్చారు.

"ఏందిర జానయ్యా, ఇజాజత్ రాకముందే పని షురూ చేసిండ్రా?"

బొంద అంటే మందిరం పోతుందని జానయ్యకు భయం. "అవు దొరా, పునాది రాళ్లు. తెలువక పెట్టినం" అన్నాడు.

"నువ్వేమంటవ్ బాలస్వామీ?"

"అవు దొరా" అన్నాను.

పట్వారి గారి తప్పు ఏమీ లేదు. మేము చెప్పిందే రాసుకున్నారు.

8. హుకుం వచ్చిన తర్వాత ఆదివారం పందిరి కింద అందరం కూర్చున్నాము. జానయ్య నాకు వరుసకు బావమరిది.

"బావా, తీసేది రాళ్లే గద. అక్కను తీస్తమంటున్నమా? రేపు ఇజాజత్ వస్తె ఆమె మీదనే మందిరం లేస్తది. ఎవలకున్నది గంత అదృష్టం?"

"పునాది ఎంత లోతు తవ్వుతవ్ జానయ్యా?"

"మూడు మూరలన్న తవ్వాలె."

"బొంద తవ్వినోనివి నువ్వే. లెక్క నీకెర్కే."

వెనక నుండి ఎవరో, "ఒక్క మనిషి కోసం గిన్ని ఇండ్లోళ్లు వానల తడవాల్నా?" అన్నారు. సాలమ్మ తల్లి, మా అత్త బిక్షమ్మ అటు తిరిగి కూడా చూడలేదు. "గిన్ని ఇండ్లు ఎవల గంప ఎంట వచ్చినయో అడుగుండ్రి" అన్నది. ఆ తర్వాత పాట ఎత్తుకునేవాళ్లు లేక ఉత్తగనే లేచిపోయాము.

9. కావున నా మనవి. పునాది అని రాసుకున్న చోట సమాధి అని దిద్దించవలెను. చెలక పొడుగుగా ఉంటుంది. రెండో కొసన మందిరానికి దయతో ఇజాజత్ ఇప్పించవలెను. అది కూడా కాయిదా కానూనుకు సరిపడకపోతే ఇవ్వవద్దు. నా పందిరిని ఇంకో నాలుగు గుంజలు పెంచుతాను. అబద్ధం చెప్పినందుకు శిక్ష వేస్తే నాకు వేయవలెను. జానయ్య సంఘం కోసం చెప్పాడు. నేను పక్కన నిలబడి, ఆమె అక్కడ లేనట్టు అవునన్నాను.

తొమ్మిది రోజులు పోయినవి, ఆరు మిగిలినవి. ఆ లోపల చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు
బాలస్వామి

మళ్లీ రాసేది: ఒకవేళ రాళ్లు తీయడానికే మనిషిని పంపితే, నాకు ముందు కబురు చేయమనండి. తలవైపున ఉన్న నున్నటి రాయి నా దుకాణంలోది, రెండు సేర్ల తూకం రాయి. ఆ రోజు సంత నుండి వచ్చేసరికి చేతికి అదే దొరికింది. దాని బదులు ఇంకొకటి తెచ్చుకోలేదు. రెండు సేర్ల ఉప్పు అడిగినవాళ్లకు సేరు రాయితో రెండుసార్లు తూస్తున్నాను. ఎవరూ ఏమీ అనడం లేదు, నిలబడుతున్నారు.