గ్యాస్ అనగా కడుపుబ్బరమని మనవి

అగ్నిమాపక తనిఖీ అధికారి గారి సముఖమునకు,
రొట్టెల బట్టీ యజమాని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా డ్రాగన్ నోటికి తమరు వేసిన సీలును, అది పేలకముందే తొలగించుట గురించి.

1. గత సోమవారం ఉదయం తమరు మా బట్టీ తనిఖీకి విచ్చేసినప్పుడు నేను బయట పిండి బస్తాలు దించుకొనుచున్నాను. లోపల పొయ్యి ముందు చిట్టి అను మా డ్రాగన్ కూర్చుని యున్నది. "దీని పొట్టేంటమ్మా ఇలా ఉంది?" అని తమరు నా భార్యను అడిగినారు. "దీనికి గ్యాస్ ఎక్కువండీ" అని ఆమె ఉన్నమాట చెప్పినది. తమరు "పరిమితికి మించి గ్యాస్ నిల్వ" అని వ్రాసుకొని, దాని నోటికి తీగ చుట్టి, లక్క పోసి, ముద్ర కొట్టి వెళ్ళినారు. ఎవరో మూతి తుడవడానికి వచ్చారనుకొని చిట్టి తానే ముఖం చాచి ఇచ్చినది.

2. సదరు గ్యాస్ సిలిండరు గ్యాస్ కాదు. కడుపుబ్బరము. తమకును ఎప్పుడో ఒకప్పుడు వచ్చే యుండును.

3. సాంకేతిక వివరణ: చిట్టికి పొట్టలు రెండు. మొదటిది మనకున్నటువంటిదే. రెండవ దానిలో నానిన తవుడు మూడు రోజులు పులియును, మా పిండి పులిసినట్లే. అందులో పుట్టిన వాయువు పక్కటెముకల కింద ఒక తిత్తిలో చేరును. త్రేన్పు వచ్చినప్పుడు తిత్తి బిగిసి, వాయువు గొంతులోకి ఎగదన్నును. దాని దవడ పళ్ళు చెకుముకి రాయి వంటివి. అవి రాసుకొనగా నిప్పురవ్వ లేచి, వాయువు అంటుకొనును. అంగిటికి జిగురు పట్టి యుండుటచే నోరు కాలదు. వెరసి మా పొయ్యి వెలుగునది మంటతో కాదు, త్రేన్పుతో. త్రేన్పుకు లైసెన్సు ఏ కౌంటరులో ఇచ్చెదరో సెలవిచ్చిన, వెళ్ళి వరుసలో నిలబడగలవాడను.

4. వాయువునకు వెనుక వైపున మరొక మార్గము కలదని తమకు వేరే చెప్పనక్కరలేదు. అచట పళ్ళు లేవు గనుక మంట రాదు. మిగతాదంతా వచ్చును. తిత్తి నిండి పొర్లినది కొద్దికొద్దిగా అటు పోవుచుండగా, నాలుగు రోజులుగా వీధి వీధంతా కిటికీలు మూసుకున్నది. అయినను అది ఏ మూలకూ చాలుట లేదు.

5. పశువుల డాక్టరు నేడు, అనగా గురువారం, వచ్చి పొట్ట మీద వేలితో కొట్టి చూసినాడు. "డోలులా మోగుతోందయ్యా. రేపు సాయంత్రం దాటితే నా చేతుల్లో లేదు" అన్నాడు. తీగ సందులోంచి పోసిన నీళ్ళు తప్ప దానికి ఆహారము లేదు. బట్టీ చల్లారి, రొట్టెలకు వచ్చినవారు తిరిగి పోవుచున్నారు. అది పోనీ.

6. లక్కే కదా, ఒక్క త్రేన్పుకు కరిగిపోవును కదా అని తమరు అనవచ్చును. నేనూ అదే అన్నాను. "త్రేన్చవే తల్లీ, లైసెన్సు పోతే పోయింది" అని గడ్డం పట్టుకుని బతిమిలాడినాను. త్రేన్చదు. తమరు వెళ్ళగానే నా భార్య భయపడి, "ఆఫీసరు గారు వచ్చి తీసేదాకా నోరు తెరవకు" అని దానికి గట్టిగా చెప్పినది. ఆ మాట పట్టుకుని కూర్చున్నది. ఇప్పుడు ఆమే తెరవమన్నా వినుట లేదు, ఆమె ఆఫీసరు కాదు గనుక. కళ్ళ వెంట నీళ్ళు కారుచున్నవి, దవడ మాత్రం కదపదు. అయ్యా, ఆఫీసు భాషలో ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. నాకు భయంగా ఉంది.

కావున తమరు స్వయముగా దయచేసి, సీలు తీసి, తమ నోటితో "ఇక తెరువు" అని ఒక్క మాట చెప్పవలెనని ప్రార్థన. రేపు సాయంత్రంలోగా చిత్తగించవలెను. ఎల్లుండి చిత్తగించినా మానినా ఒకటే.

తమ విధేయుడు
(ఈ ఇంటిలో విధేయతలో చిట్టి తరువాత రెండవ స్థానము),
రొట్టెల బట్టీ యజమాని

తా.క.: అయ్యా, ఈయన దగ్గర కలం లాక్కుని రాస్తున్నాను. గ్యాస్ అన్నది నేను. నోరు తెరవకు అన్నదీ నేనే. రెండో స్థానమట, ఇరవై ఏళ్ళలో ఈయన నా మాట విన్నది లేదు. విన్నది చిట్టి ఒక్కటే, విని ఇలా అయింది. సీలు తీస్తే మీ కాగితాల్లో లెక్క తప్పుతుందంటే, దానిది తీసి నా నోటికి వేయండి, చాచి ఇస్తాను. తీసేటప్పుడు మాత్రం పక్కన నిలబడండి బాబూ, ఎదురుగా వద్దు. నాలుగు రోజులది ఉంది.